లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే...

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. బీపీ మాత్రలు వాడుతున్నారు. ఈమధ్యే ప్రోస్టేటుకు మరో మాత్ర మొదలుపెట్టారు. మొన్న తిరుపతి గోవిందరాజస్వామి గుడిలో చాలాసేపు కూర్చుని లేచేసరికి కళ్లు బైర్లు కమ్మి పడబోయారు. ఈసీజీ బాగానే ఉంది. బీపీని నిలబెట్టే పని మెదడుదని డాక్టరు అన్నారు. అదెలా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, తిరుపతిలో ముప్పై ఏళ్లు వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే.

మనిషి లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం పొట్టలోకి, కాళ్లలోకి జారుతుంది. రక్తపోటు తగ్గుతుంది. ఆ సంగతిని ముందుగా పసిగట్టేవాటిలో మెడలోని కరోటిడ్ ధమని ఒకటి. అది రెండుగా చీలేచోట, గోడ ఎంత సాగిందో కనిపెట్టే నాడుల కొసలు ఉంటాయి. (పెద్దవాళ్లకు అక్కడ గట్టిగా నొక్కి చూడకండి, గుండె వేగం పడిపోవచ్చు.) గోడ సాగడం తగ్గితే అవి పంపే సంకేతాలూ తగ్గుతాయి.

ఆ సంకేతాలు చేరేది మెదడు కాండం అడుగున ఉన్న మెడుల్లాకు. అది మూడు సెంటీమీటర్ల పొడవే ఉంటుంది. అందులో ముందువైపు, కుడిఎడమల రెండు చిన్న నాడీకణాల గుంపులున్నాయి. వాటి తంతువులు వెన్నుపాములోకి దిగి సింపథెటిక్ నాడులను నడిపిస్తాయి. ఆ నాడులు రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచుతాయి.

నా విద్యార్థులు తడబడేది ఇక్కడే. పోటు పడిపోయాక ఈ కణాలు మేల్కొంటాయని రాసేవారు. అవి అసలు నిద్రే పోవు! మనం కదలకుండా పడుకున్నా వెన్నుపాముకు సంకేతాలు పంపుతూనే ఉంటాయి. 1974లో గెర్ట్‌జెన్‌స్టైన్, సిల్వర్ అనే పరిశోధకులు పిల్లుల మెడుల్లా ముందువైపు పైపొర మీద గ్లైసిన్ అనే రసాయనం అద్ది ఆ చోటును అణచగానే రక్తపోటు దిగజారింది. మెడ నుంచి వచ్చే సంకేతాలు ఈ కణాలకు కళ్లెం. ఆ సంకేతాల ప్రభావంతో మెడుల్లాలోనే ఉన్న మరో కణాల గుంపు గాబా అనే రసాయనం విడిచి వీటిని అదుపులో ఉంచుతుంది. నిలబడగానే ఆ కళ్లెం సడలుతుంది, అంతే. ప్రాక్టికల్ క్లాసులో బల్లమీద పడుకున్న కుర్రాడి మణికట్టు పట్టుకుని, లేవమనేదాన్ని. వాడు సరిగ్గా నిలబడేలోపే నా వేళ్ల కింద నాడి పరుగందుకునేది.

ఇక నాన్నగారి సంగతి. వయసుతో ఈ స్పందన మందగిస్తుంది. బీపీ మాత్రల ప్రభావమూ ఉండొచ్చు. కానీ నా అనుమానం ముందు కొత్త మాత్ర మీదికే పోతోంది. ప్రోస్టేటుకు ఇచ్చే కొన్ని మందులు సింపథెటిక్ నాడుల సంకేతాన్ని రక్తనాళాల గోడ దగ్గరే అడ్డుకుంటాయి. మెడుల్లా సంకేతం పంపినా, నాళం బిగుసుకోదు.

అలాగని మీరే ఆ మాత్ర ఆపేయకండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబడిన ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకూ మళ్లీ చూడండి. పక్కన ఎవరైనా పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితంతో, మాత్రల అట్టలన్నిటితో డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటిదాకా, తెల్లవారి లేవగానే మంచం అంచున కాసేపు కాళ్లు వేలాడేసి కూర్చున్నాకే నిలబడమనండి.