విదేశీ గుర్రానికి అడ్వాన్స్ కట్టొచ్చా?

ప్రశ్న: మాది గుత్తి దగ్గర పల్లె. ఎనిమిది ఎకరాల పొలం, ఒక బోరు ఉన్నాయి. వేరుశనగ, ఉలవ వేస్తాం. మా నాయన కాలంలో ఇంట్లో జట్కా ఉండేది కాబట్టి గుర్రం మాకు కొత్త కాదు. పెళ్లి ఊరేగింపులకు తిప్పడానికి, ఆడగుర్రాలకు దాటించడానికి పనికొచ్చే మంచి గుర్రం కొనాలనుకుంటున్నాం. నెదర్లాండ్స్‌లో ఉన్నానంటూ ఒకాయన ఫేస్‌బుక్‌లో పరిచయమయ్యాడు. నాలుగేళ్ల నల్లటి ఫ్రీసియన్ మగగుర్రాన్ని 6 లక్షలకు ఇస్తానంటున్నాడు. విమానంలో బెంగళూరుకు పంపుతాడట, పర్మిషన్లన్నీ ఆయనే చూసుకుంటాడట. ముందుగా లక్షన్నర యూపీఐలో వేయమన్నాడు. వేయొచ్చా? మన ఎండలకు ఆ గుర్రం ఆగుతుందా? మేత ఏం పెట్టాలి?
– ఒక రైతు, గుత్తి మండలం, అనంతపురం జిల్లా

జవాబు: ముందు డబ్బు సంగతి. ఒక్క రూపాయి కూడా వేయకండి. నెదర్లాండ్స్‌లో ఉన్న గుర్రానికి ఇక్కడి యూపీఐ నంబరుకు అడ్వాన్స్ వేయమన్నాడంటేనే సగం సంగతి తేలిపోయింది. విదేశం నుంచి ఏది తెప్పించుకున్నా డబ్బు మీ బ్యాంకు ద్వారా, ఇన్‌వాయిస్ చూపించిన మీదట, అమ్మేవాళ్ల ఖాతాకు వెళ్లాలి. ఇక పర్మిషన్లు ఆయనే చూసుకుంటాడన్న మాట నమ్మకండి. దిగుమతి లైసెన్సు కొనేవాళ్ల పేరు మీద వస్తుంది. మీ సంతకం లేకుండా నెదర్లాండ్స్ నుంచి ఎవరూ దాన్ని తేలేరు. ఇలాంటి మోసాల్లో అడ్వాన్స్ పడ్డాక కథ మొదలవుతుంది. గుర్రం కస్టమ్స్‌లో ఆగిందంటారు, ఇన్సూరెన్స్ కట్టమంటారు, విమానంలో పెట్టే బోనుకు డిపాజిట్ అడుగుతారు. గుర్రం మాత్రం రాదు. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్.

అయినా ఆ మనిషి నిజంగా అమ్మేవాడేమో అని మనసు పీకుతుంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. 2009 జూలై తర్వాత యూరప్‌లో పుట్టిన గుర్రానికి మైక్రోచిప్, పాస్‌పోర్టు తప్పనిసరి. చిప్ మెడకు ఎడమవైపు, జూలు కింద ఉంటుంది. వీడియో కాల్‌లో చిప్ రీడర్ పట్టుకుని గుర్రం పక్కన నిలబడమనండి. రీడర్‌ను మెడకు ఆనించి మెల్లగా జరిపితే బీప్‌మని తెర మీద 15 అంకెలు పడతాయి. కాల్ కట్ చేయకుండా అప్పటికప్పుడే పాస్‌పోర్టులో చిప్ నంబరున్న పేజీ తెరిచి చూపించమనండి. రెండు నంబర్లూ కలవాలి. ఫ్రీసియన్ జాతికి నెదర్లాండ్స్‌లో 1879 నుంచి వంశావళి పుస్తకం నడుస్తోంది, దాన్ని నడిపే సంఘాన్ని కేఎఫ్‌పీఎస్ అంటారు. ఆ నంబరు వాళ్లకు ఈమెయిల్ చేసి అడిగితే అలాంటి గుర్రం ఉందో లేదో తెలుస్తుంది. మోసగాడైతే నెట్‌వర్క్ బాగాలేదంటాడు, లేకపోతే పాత వీడియో పంపి సరిపెడతాడు.

ఇక గుర్రం నిజమైనదే అనుకుందాం. అప్పుడు కూడా మీ పనికి ఫ్రీసియన్ వద్దనే చెబుతాను. చూడడానికి అందంగా ఉంటుంది, కాదనను. పొడవాటి జూలు, కాళ్ల కింద గుబురు వెంట్రుకలు, నిగనిగలాడే నలుపు. చల్లటి దేశపు జంతువు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే గుత్తి ఎండలో, నల్లటి ఒంటితో బ్యాండు మేళం ముందు నడవడం దానికి నరకం. చిన్న దోమల్లాంటి కీటకాలు కుడితే ఈ జాతిలో దురద, పుండ్లు ఎక్కువగా వస్తాయి. కొద్ది గుర్రాల నుంచే ఈ జాతి పెరగడం వల్ల మరుగుజ్జు పిల్లలు పుట్టడం, తలలో నీరు చేరడం లాంటి వంశపారంపర్య జబ్బులు, ఈనాక మాయ పడకపోవడం కూడా ఇందులో ఎక్కువ. కొత్తగా గుర్రాల పెంపకం మొదలుపెట్టేవాళ్లకు ఇన్ని తలనొప్పులు ఎందుకు?

దాటించే ఆదాయం లెక్క కూడా తేలదు. మన చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి చిన్న తట్టు గుర్రాలు. వాటి మీదికి ఇంత బరువైన గుర్రాన్ని వదిలితే దెబ్బలు తగిలే ప్రమాదం ఉంది. పైగా ఫీజు కట్టి ఫ్రీసియన్‌కు దాటించుకునే వాళ్లు ఈ ప్రాంతంలో ఎంతమంది ఉంటారు? ఇక డీజే మోతలో, టపాకాయల మధ్య, నాలుగేళ్ల మగగుర్రం మీద పెళ్లికొడుకును కూర్చోబెట్టడం అంటే నాకే టెన్షన్‌గా ఉంది.

దిగుమతి దారి ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి, రేపు ఇంకెవరైనా ఇలాగే ఆశ చూపిస్తే పనికొస్తుంది. విదేశీ పశువులు దేశంలోకి రావడం 1898 నాటి పశుదిగుమతి చట్టం కింద నియంత్రణలో ఉంది. 2001లో దాన్ని సవరించారు. కేంద్ర పశుసంవర్ధక శాఖ ఆరోగ్య షరతులు పెట్టి అనుమతి ఇవ్వాలి, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ అంటే డీజీఎఫ్‌టీ లైసెన్సు ఇవ్వాలి. మీ పేరున ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకోవాలి. అక్కడి ప్రభుత్వ పశువైద్యుడు గ్లాండర్స్ అనే అంటువ్యాధి, గుర్రాల రక్తహీనత వ్యాధి, దాటించేటప్పుడు అంటుకునే డౌరిన్ వంటి జబ్బులు లేవని పరీక్షలతో సర్టిఫికెట్ ఇవ్వాలి. పశు క్వారంటైన్ కేంద్రాలు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. గుర్రాన్ని అలాంటి చోటే దించి, క్వారంటైన్ ముగిశాకే ఇంటికి తీసుకెళ్లనిస్తారు. ఈ లోపు మేత, గుర్రాన్ని చూసుకునే సైసు జీతం మీ ఖర్చే. సుంకం గుర్రం ధర ఒక్కదాని మీదే వేయరు. రవాణా, ఇన్సూరెన్స్ కూడా కలిపి విలువ కడతారు. దాని మీద మూల కస్టమ్స్ సుంకం 30 శాతం, పైన సర్‌చార్జి, ఆ తర్వాత జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అదొక్కటే ఊరట. విమానం ఖర్చుతో పోలిస్తే మీ 6 లక్షలు చిన్న పద్దు కావచ్చు.

విదేశీ గుర్రం మోజు మన సీమకు కొత్తేమీ కాదు. పెనుకొండను రెండో రాజధాని చేసుకున్న విజయనగర రాజులు హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో గుర్రాలు తెప్పించేవారు. సాళువ నరసింహరాయలు బతికినా చచ్చినా లెక్కగట్టి మూడు గుర్రాలకు వెయ్యి పర్దావుల (అప్పటి బంగారు నాణేలు) చొప్పున కొనేవాడనీ, దారిలో సముద్రం మీద చచ్చినవాటికి తోక తెచ్చి చూపినా డబ్బిచ్చేవాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. మనకు రాయలవారి ఖజానా లేదు కాబట్టి, ఎప్పుడైనా నిజంగా తెప్పిస్తే ప్రయాణపు ఇన్సూరెన్స్ తప్పకుండా చేయించండి. గంటల తరబడి తల పైకి కట్టేసి ఉంచడం వల్ల ఊపిరితిత్తుల్లో చీము పట్టే జ్వరం వస్తుంది, ప్రయాణంలో గుర్రాలు ఎక్కువగా దెబ్బతినేది దానివల్లే. దిగిన గుర్రానికి వారం రోజులు పొద్దున, సాయంత్రం టెంపరేచర్ చూడాలి. 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు, అంతకు మించితే వెంటనే డాక్టర్‌ను పిలవాలి.

ఇంటికొచ్చాక ఇంకో గండం ఉంది. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే రక్తపు జ్వరం, జోరీగలు అంటించే సర్రా జబ్బు ఉన్నాయి. ఇక్కడే పుట్టి పెరిగిన గుర్రానికి పిడుదు జ్వరం అంటే కొంత తట్టుకునే శక్తి వచ్చి ఉంటుంది. యూరప్‌లో అది సోకని చోట పెరిగిన గుర్రానికి ఆ శక్తి ఉండదు కాబట్టి మొదటి వానాకాలంలోనే పడకేయొచ్చు. జ్వరం వచ్చిపోతూ, పొట్ట కింద, కాళ్లలో నీరు దిగి, రోజురోజుకూ చిక్కిపోతుంటే సర్రా అనుమానించి రక్తం స్లైడ్ తీయించండి. ధనుర్వాతం టీకా మాత్రం ఏ గుర్రానికైనా తప్పదు. లాడం మేకు గుచ్చుకున్నా అది ప్రాణం మీదికి తెస్తుంది.

మేత గురించి కాస్త వివరంగా చెబుతాను, ఇది మీరు ఏ గుర్రం తెచ్చినా పనికొస్తుంది. మన రైతులు గుర్రాన్ని ఆవులా మేపి నష్టపోతున్నారు. గుర్రం నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు. కడుపులోకి పోయింది ముందుకే వెళ్లాలి, వెళ్లకపోతే కడుపునొప్పితో పొర్లుతుంది. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండు మేత, 30 లీటర్లకు తగ్గకుండా నీళ్లు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. ఉలవలు మీ పొలంలోనే ఉన్నాయి. గుర్రానికి గుగ్గిళ్లు పెట్టడం మీ నాయనకు తెలిసిన పనే. నానబెట్టి, ఉడికించి, చల్లార్చి, కొద్దికొద్దిగా రెండు మూడు పూటలుగా పెట్టండి. ఒకేసారి గంపెడు పెట్టొద్దు.

వేరుశనగ కట్టె మంచి మేత, అందులో కాల్షియం ఉంటుంది. కానీ పీకిన కట్టె వేర్లలో మట్టి, ఇసుక ఉంటాయి. అది పేగుల్లో పేరుకుంటే కడుపునొప్పి వస్తుంది. గుప్పెడు కట్టె తీసి దులిపి చూడండి, దుమ్ము లేస్తే బాగా దులిపే వేయండి. తడిసి బూజు పట్టిన కట్టె అసలు వద్దు. బూజు పట్టిన మొక్కజొన్న ఇంకా ప్రమాదం, గుర్రానికి మెదడు కరిగిపోయే జబ్బు తెస్తుంది. పచ్చిజొన్న, సుడాన్ గడ్డి మేపితే మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్లు తూలతాయి.

సూపర్ నేపియర్ గడ్డి గురించి చాలామంది అడుగుతారు. ఆవుకు బాగుంది కదా అని గుర్రానికి అదే, పైన బాల్టీ తవుడు. నేపియర్‌లోని ఆక్సలేట్లు అనే లవణాలు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ. రెండూ కలిసి ఎముకల్లోని సున్నం లాగేస్తాయి. నెలలు గడిచాక దవడలు, మొహం ఉబ్బి, నడక తేడాగా ఉందని తీసుకొస్తారు. నేపియర్ వేసేట్టయితే సగానికి మించనివ్వకండి, లూసర్న్ అనే పచ్చిమేత కలపండి, తవుడు తగ్గించండి, కాల్షియం ఎక్కువున్న ఖనిజ మిశ్రమం ఇవ్వండి. ఇంకొకటి చాలా ముఖ్యం. కోళ్ల దాణా, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోడికి, ఆవుకు ఫర్వాలేదు, గుర్రానికి విషం, గుండె ఆగిపోతుంది. దాణా బస్తా మీద రాసింది చదివించి, మోనెన్సిన్ లేదని తేలాకే పెట్టండి. కోళ్ల షెడ్డు వైపు గుర్రాన్ని వదలకండి.

గుర్రం ముందు కాలితో నేల గీరుతూ, పొట్ట వైపు తిరిగి చూస్తూ, లద్దె వేయకపోతే అది కడుపునొప్పి. అప్పుడు వెదురు గొట్టంతో నూనె పోయడం మన దగ్గర పాత అలవాటు. మానేయండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నొప్పికన్నా అదే చంపుతుంది. మేత తీసేసి, మెల్లగా నడిపిస్తూ డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మరి ఏ గుర్రం కొనాలి? పెళ్లిళ్లకు నెమ్మదైన, ఆరేడేళ్లు దాటిన ఆడగుర్రం మేలు. ఉత్తరాదిలో పెళ్లి బరాత్‌లకు ఆడగుర్రాన్నే వాడడం ఊరికే రాలేదు. మార్వాడీ, కాఠియావాడీ జాతులు ఎండకు పుట్టినవి. మార్వాడీ చెవుల కొసలు లోపలికి వంగి కలుసుకుంటాయి, జనం ఫోటోలకు ఎగబడతారు. కార్తీకంలో రాజస్థాన్‌లోని పుష్కర్‌లో, దత్త జయంతి సమయంలో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడాలో గుర్రాల సంతలు జరుగుతాయి. దగ్గర్లో కావాలంటే బెంగళూరులో పరుగు పందేల నుంచి విరమించిన గుర్రాలు దొరుకుతాయి. కానీ పందెపు గుర్రానికి ఒళ్లంతా నరాలే, ఊరేగింపులకు తెచ్చే ముందు కొన్ని నెలలు నేర్పాలి. కాళ్ల పాత దెబ్బలు ఎక్స్‌రే తీయించి చూసుకోవాలి.

ఎక్కడ కొన్నా గ్లాండర్స్ పరీక్ష లేకుండా బేరం ముగించకండి. ముక్కులోంచి జిగట చీమిడి, కాళ్ల మీద వరుసగా గడ్డలు, పుండ్లు దాని గుర్తులు. కొన్నిసార్లు పైకి ఏమీ కనిపించదు. ఇది మనుషులకూ అంటుతుంది, ప్రాణాలు తీస్తుంది. పాజిటివ్ వస్తే చట్ట ప్రకారం ఆ గుర్రాన్ని చంపించాల్సిందే, ప్రభుత్వం ఇచ్చే పరిహారం మీరు పెట్టిన ధరకు ఏ మూలకూ రాదు. మీ మండల పశువైద్యుడు రక్తం తీసి, సీరం హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపే ఏర్పాటు చేయగలరు. సంతలో కొనేటప్పుడు రిపోర్టు వచ్చేదాకా ఆగనంటే, ఆ అమ్మేవాణ్ని వదిలేసి పక్క గుర్రం చూసుకోండి. కొని తెచ్చాక కూడా మూడు వారాలు మీ పశువులకు, ఊరి గుర్రాలకు దూరంగా, వేరే తొట్టి, వేరే బకెట్‌తో కట్టేసి ఉంచండి.