గ్యాప్ ముందా, రంధ్రాల వరుస ముందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: కాజీపేట లోకోషెడ్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అతనికి టార్గెట్ షూటింగ్ ఇష్టం. అతని దగ్గర బ్యారెల్ మార్చుకునే వీలున్న డాన్ వెసన్ .357 మాగ్నమ్ రివాల్వర్ ఉంది. ఇటీవల దానికి నోటి దగ్గర పైవైపు రంధ్రాలు చేసిన పోర్టెడ్ బ్యారెల్‌ను, దానికి తగిన తొడుగును కొన్నాడు. సిలిండర్‌కూ (తూటాలు పెట్టే తిరుగుడు డ్రమ్ముకూ) బ్యారెల్‌కూ మధ్య 6 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు ఆరు) గ్యాప్ సరిగ్గా పెడితే బ్యారెల్ రంధ్రాలు వెనుక నుంచి చూసినప్పుడు గడియారంలో ఒంటిగంట వైపు నిలుస్తున్నాయట. తొడుగు కిటికీలు మాత్రం పన్నెండు దగ్గర ఉన్నాయి. బ్యారెల్ తిప్పి రంధ్రాలను కిటికీల కిందికి తెస్తే గ్యాప్ పోతోంది. ఏది ముందు చూసుకోవాలి? షిమ్ (సందులో పెట్టే పలుచని రేకు) వేస్తే సరిపోతుందా? అతను బ్యారెల్ పంపిస్తే ములుగు రోడ్డులో నాకు తెలిసిన లేత్ దగ్గర సరిచేయించనా? – ఒక పాఠకుడు, కాజీపేట

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబిస్తాను, ఎందుకంటే ఆలస్యం చేయకూడనిది అదే. ఆ బ్యారెల్‌ను ఇక్కడికి తెప్పించకండి. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఆయుధం అనే మాట కిందికి దాని విడిభాగాలు కూడా వస్తాయి. లైసెన్సు లేకుండా తుపాకులను తయారు చేయడం, మార్చడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం అన్నిటినీ అదే చట్టంలోని 5వ సెక్షన్ నిషేధిస్తోంది. అక్కడి నుంచి పంపడానికి ఎగుమతి అనుమతి, ఇక్కడ దిగుమతి అనుమతి వేరుగా కావాలి. మీ లేత్ మిత్రుడు ఎంత నేర్పరి అయినా అతని చేతికి ఆ పని ఇవ్వడమంటే అతన్ని కేసులోకి నెట్టడమే. పని అక్కడే, మీ మేనల్లుడికి దగ్గరలో ఉన్న లైసెన్సుదారుడైన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేతిలో జరగాలి. మీరు చేయగలిగింది లెక్క. ఆ లెక్క అతనికి చెప్పడానికి మీకంటే తగినవారు ఉండరు.

ఈ రివాల్వర్ నిర్మాణం తెలియకపోతే చిక్కు ఎక్కడుందో తెలియదు కనుక దాని గురించి కొంత చెప్పాలి. స్మిత్ అండ్ వెసన్ తుపాకుల సంస్థ స్థాపకుల్లో ఒకరైన వెసన్‌కు మునిమనుమడైన డేనియల్ వెసన్ 1968లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాన్సన్‌లో ఈ సంస్థను ప్రారంభించాడు. మార్చుకునే బ్యారెల్ ఆలోచన కార్ల్ లూయిస్ అనే రూపకర్తది. మామూలు రివాల్వర్లలో బ్యారెల్‌ను ఫ్రేములోకి గట్టిగా బిగించి దాని భుజాన్ని (మర పక్కనున్న మెట్టులాంటి అంచును) ఫ్రేముకు ఆనించేస్తారు, అది ఇక కదలదు. డాన్ వెసన్‌లో బ్యారెల్ అంటే రెండు చివరలా మర ఉన్న సన్నని గొట్టం. దాని వెనుక చివర ఫ్రేములోకి మరతో వెళ్తుంది. గురి చూసే ముందు గుర్తు (ఫ్రంట్ సైట్) ఉన్న తొడుగు దానిపైకి జారి, ఫ్రేములోని పిన్ను దగ్గర కుదురుకుంటుంది. నోటి దగ్గర ఒక నట్ బిగిస్తే తొడుగు ఫ్రేముకు అదుముకుంటుంది, గొట్టం రెండు చివరలా లాగి పట్టిన తీగలా నిలుస్తుంది. బ్యారెల్‌కు ఫ్రేము మీద ఆనే భుజం ఉండదు. అది ఎంత లోపలికి వెళ్లాలో నిర్ణయించేది సిలిండర్ ముందు పెట్టిన ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) ఒక్కటే.

షిమ్ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. భుజమే లేనప్పుడు షిమ్ ఆనడానికి చోటు లేదు. తొడుగుకూ ఫ్రేముకూ మధ్య వేస్తే తొడుగు జరుగుతుంది, బ్యారెల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బ్యారెల్‌ను తిప్పడమనే ఒకే ఒక కదలిక గ్యాప్‌నూ, రంధ్రాల దిశనూ కలిపి మారుస్తుంది. ఆ రెండింటినీ విడిగా సవరించుకోవడానికి వేరే మార్గం ఇందులో లేదు. రంధ్రాలు లేని బ్యారెల్‌కు ఈ చిక్కు ఉండదు, ఎందుకంటే గుండ్రని గొట్టం ఎంత తిరిగినా ఒకేలా ఉంటుంది. పోర్టెడ్ బ్యారెల్ రాగానే మర ఎక్కడ మొదలైంది, రంధ్రం ఎక్కడ పడింది అనే రెండింటి మధ్య సంబంధం ముఖ్యమవుతుంది.

లెక్క చూడండి. మీ మేనల్లుడు ముందుగా పిచ్ గేజ్‌తో అంగుళానికి ఎన్ని చుట్లున్నాయో కొలవాలి. ఉదాహరణకు 24 అనుకుందాం. ఒక పూర్తి చుట్టుకు బ్యారెల్ 41.7 థౌ, అంటే 1.06 మిల్లీమీటర్లు కదులుతుంది. 360 డిగ్రీలను 41.7తో భాగిస్తే ఒక థౌకు సుమారు 8.6 డిగ్రీలు వస్తాయి. గడియారం ముఖంలో ఒక గంట అంటే 30 డిగ్రీలు, కాబట్టి ఒక గంట తేడాకు 3.5 థౌ. మర మామూలు కుడిచేతిదైతే బ్యారెల్ బిగుసుకునేటప్పుడు నోటివైపు నుంచి చూస్తే గడియారపు ముల్లులా, వెనుక నుంచి చూస్తే దానికి ఎదురుగా తిరుగుతుంది. ఒంటిగంట దగ్గర ఉన్న రంధ్రాన్ని పన్నెండుకు తేవాలంటే బిగించాలి. అప్పుడు 6 థౌ గ్యాప్ 2.5 థౌకు దిగుతుంది. అతను చెప్పింది అక్షరాలా ఇదే.

2.5 థౌ అంటే చల్లగా ఉన్నప్పుడు సిలిండర్ తిరుగుతుంది. కొన్ని తూటాలు పేలి సిలిండర్ వేడెక్కి, ముఖం మీద మసి పేరుకున్నాక బ్యారెల్‌కు రాసుకుని ఆగిపోతుంది. టాపెట్ మరీ బిగుతుగా పెట్టిన బండి చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కాక మొరాయించినట్టే. గ్యాప్ మరీ ఎక్కువైతే మరో ప్రమాదం. .357 మాగ్నమ్‌కు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఆ వాయువు ఖాళీ దొరికిన చోటల్లా పక్కకు చిమ్ముతుంది, సీసం తునకలనూ వెంట తీసుకువస్తుంది. గ్యాప్ సరిగ్గా ఉన్నా సరే, రివాల్వర్ పట్టుకున్నప్పుడు సిలిండర్ ముందంచు పక్కన వేలు ఉండకూడదని మీ మేనల్లుడికి ఒకటికి రెండుసార్లు చెప్పండి.

రంధ్రాలు పక్కకు తిరిగి ఉంటే ఏమవుతుందన్నది కూడా చూడాలి. గుండు రంధ్రాలు దాటిన క్షణంలో దాని వెనుకనున్న వాయువు పైకి చిమ్మి నోటిని కిందికి నొక్కాలి, ఆ రంధ్రాలు ఉన్నది అందుకే. కిటికీ కింద కాక తొడుగు గోడకు ఎదురుగా రంధ్రం నిలిస్తే ఆ వాయువు గోడకు కొట్టుకుని బ్యారెల్‌కూ తొడుగుకూ మధ్యనున్న సన్నని సందులోకి దూరుతుంది. అక్కడ మసి గట్టిపడితే కొన్నాళ్లకు తొడుగు ఊడదు, బ్యారెల్ మర విప్పడానికి రాదు. నోటిని కిందికి నొక్కాల్సిన బలం పక్కకు పడి నోరు పక్కకు తోసుకుంటుంది. అయినా నా మాట స్పష్టంగా చెబుతాను: రంధ్రాలు తప్పితే రివాల్వర్ మురికిపడుతుంది, గురి చెదురుతుంది. గ్యాప్ తప్పితే సిలిండర్ ఆగిపోతుంది, లేదా వాయువు మనిషి మీదికి చిమ్ముతుంది. గ్యాప్ ముందు, రంధ్రాలు తరువాత. రెండూ ఒకేసారి కుదరకపోతే ఆ బ్యారెల్‌ను కాల్చకుండా పక్కన పెట్టాలి.

కొంత వెసులుబాటు లేకపోలేదు. నాలుగు నుంచి ఎనిమిది థౌల మధ్య గ్యాప్‌ను చాలామంది గన్‌స్మిత్‌లు అంగీకరిస్తారు. మన ఉదాహరణలో ఆ నాలుగు థౌలకు 35 డిగ్రీల తిరుగుడు దొరుకుతుంది. అంటే ఆరు థౌ దగ్గర రంధ్రం పన్నెండుకు ఇటూ అటూ అరగంట లోపల ఉంటే తిప్పి సరిచేసుకోవచ్చు. తొడుగు కిటికీ రంధ్రం కంటే వెడల్పైతే ఇంకొంచెం కలిసివస్తుంది. కానీ ఏ లెక్కా చూసుకోకుండా తయారైన బ్యారెల్ ఈ హద్దులో పడే అవకాశం పదింట ఒకటే.

మీ మేనల్లుడి బ్యారెల్ ఈ హద్దు దాటింది, కానీ మంచి వైపు దాటింది. బిగించాల్సిన అవసరం ఉన్నది కాబట్టి బ్యారెల్ వెనుక ముఖం నుంచి 3.5 థౌ, అంటే 0.09 మిల్లీమీటర్లు, గొట్టం అక్షానికి లంబంగా చెక్కేస్తే రంధ్రాలు పన్నెండు దగ్గర నిలిచి గ్యాప్ ఆరు థౌ అవుతుంది. ఇంత తక్కువ చెక్కితే గుండును గొట్టంలోకి మళ్లించే గరాటు నోరు, దాన్నే ఫోర్సింగ్ కోన్ అంటారు, పెద్దగా మారదు. అయినా గన్‌స్మిత్ దాన్ని కొలిచి, అంచున మిగిలిన పొక్కు తీసేయాలి. రంధ్రాలు పదకొండు దగ్గర పడి ఉంటే కథ వేరు. అప్పుడు వదులు చేయాలి, గ్యాప్ 9.5 థౌ అవుతుంది. లోహాన్ని చెక్కగలం కాని అతికించలేం. దాన్ని పన్నెండుకు తేవాలంటే దాదాపు పూర్తి చుట్టు బిగించి 38 థౌ చెక్కాలి, ఫోర్సింగ్ కోన్ కొత్తగా తీయాలి. రంధ్రాలు కూడా కిటికీల కింద సుమారు ఒక మిల్లీమీటరు వెనక్కి జరుగుతాయి, నోటి నట్‌కు అందే మర కూడా అంతే తగ్గుతుంది. అలాంటి బ్యారెల్‌ను తిరిగి ఇచ్చేయడమే మేలు.

చెక్కడానికి ముందు కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. తూటాలన్నీ తీసి, ఆరు గదులూ ఖాళీ అని కంటితో చూశాకే పని మొదలుపెట్టాలి. మరలోని నూనె, మసి పూర్తిగా తుడవాలి. సిలిండర్ ముఖం ఆరు గదుల దగ్గరా ఒకేలా ఉండకపోవచ్చు కాబట్టి సిలిండర్ తిప్పుతూ అన్నిచోట్లా గేజ్ పెట్టి, అన్నిటికంటే బిగుతైన చోటు ఆధారంగా సవరించాలి. ముఖ్యంగా గేజ్‌ను అక్కడే ఉంచి నోటి నట్ బిగించాలి. నట్ బిగిసే దిశ, బ్యారెల్ బిగిసే దిశ ఒకటే కాబట్టి గేజ్ లేకపోతే నట్ చివరి తిప్పులో బ్యారెల్‌ను తనతో పాటు తీసుకెళ్లి గ్యాప్‌ను మింగేస్తుంది. బ్యారెల్ నోటి అంచునా తొడుగు అంచునా సిరాతో ఒక గీత ముందే గీసుకుంటే ఆ జారుడు కంటికి కనిపిస్తుంది. బిగించి గేజ్ తీశాక మళ్లీ కొలవాలి. నట్ బిగించక ముందు కొలతకూ బిగించిన తరువాత కొలతకూ రెండు థౌలు తేడా వచ్చిందంటే కారణం ఇదే అయ్యుంటుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాను. నా పిస్టల్ బ్యారెల్ చివర రంధ్రాలున్నాయి. తరువాత 25 మీటర్ల పోటీలకు వెళ్తే అలాంటి బ్యారెల్ వాడవచ్చా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: వాడకూడదు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య నియమాల ప్రకారం 25 మీటర్ల పిస్టళ్లకు కాంపెన్సేటర్లు, మజిల్ బ్రేకులు (వాయువును మళ్లించి కుదుపు తగ్గించే నోటి బిగింపులు), రంధ్రాలు చేసిన బ్యారెళ్లు నిషిద్ధం. ఎయిర్ పిస్టళ్లలో రంధ్రాల బ్యారెళ్లు మామూలే. పెల్లెట్ నోరు దాటే లోపల దాని వెనుకనున్న గాలి కొంత పక్కకు పోయి, పెల్లెట్ తోక మీద పడే దెబ్బ తగ్గుతుంది, చేతిలో ఎగురుడు తగ్గుతుంది. మీ పిస్టల్‌లో బ్యారెల్ కర్మాగారంలోనే బిగించి వచ్చింది కాబట్టి పై లేఖలోని చిక్కు మీకు ఎదురుకాదు. దాన్ని విప్పే ప్రయత్నం మాత్రం చేయకండి. రంధ్రాల్లో దూది పోగులు చిక్కుకోకుండా క్లీనింగ్ పెల్లెట్‌తో తుడుచుకుంటే చాలు.