రాత్రి ట్యాంకులో పైకి ఈదే పురుగులు: అది రోగం కాదు

వేళచ్చేరి తమ్ముడూ, ఉప్పునీటి ట్యాంకులో లైటు ఆపాక రాళ్ల సందుల్లోని పురుగులు పైకొచ్చి గింగిరాలు తిరిగాయనీ, తెల్లారేసరికి చచ్చిపడి నీళ్లు తెల్లగా మసకబారాయనీ రాశావు. టెన్షన్ పడకు, మందులు మాత్రం వెయ్యకు.

నీ వర్ణన బట్టి అవి నీరిస్ రకం పాలీకీట్లు, అంటే ఒంటి పక్కల సన్నటి ముళ్లవెంట్రుకలుండే సముద్రపు పురుగులు. ఈడొచ్చాక వాటి ఒళ్లే మారిపోతుంది. కళ్లు పెద్దవవుతాయి, వెనక భాగంలో పక్కకాళ్లు తెడ్డుల్లా వెడల్పవుతాయి, పేగు కుంచించుకుపోతుంది. ఇక తిండి లేదు, ఈతే. ఆడా మగా గుంపుగా పైకొచ్చి గుడ్లు, వీర్యం నీళ్లలోకే వదిలి చచ్చిపోతాయి. నీళ్లు మసకబారింది అందుకే.

సమోవా దీవుల పలోలో పురుగు ఇంకా విచిత్రం! తల వైపు భాగం పగడపు రాళ్లలోనే ఉండిపోతుంది, గుడ్లతోనో వీర్యంతోనో నిండిన వెనక భాగమే తెగి పైకి ఈదుతుంది. అదీ అక్టోబరు, నవంబరుల్లో, బహుళ అష్టమి ప్రాంతంలో.

చచ్చినవాటిని ఇప్పుడే వలతో తీసెయ్యి, కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. పావు వంతు నీళ్లు మార్చు, కొత్త నీళ్ల ఉప్పదనం, వేడి ట్యాంకు నీళ్లతో సమానంగా ఉండాలి. స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం) ఆపకు. చెన్నై ఎండలకు వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి రాత్రి ఎయిర్ పంపు తప్పనిసరి. రెండు మూడు రోజులు అమ్మోనియా టెస్ట్ చేసి, రీడింగ్ ఇక్కడ పెట్టు.