రెక్కల కోసం బంగారం కుదువ పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది రాయగడ. వయసు 34. మిల్లులో షిఫ్టు ఉద్యోగం, చేతికి 36,000 వస్తాయి. సొంతిల్లు, ఇంటి ఖర్చు 24,000. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టి నెలకు నాలుగైదు వేలు తెస్తుంది. పాపకి ఆరేళ్లు. పార్వతీపురంలో 3,000 చీటీ కడుతున్నాను, రెండు నెలల్లో 60,000 చేతికొస్తాయి. బ్యాంకులో 20,000 ఉన్నాయి. తేలికైన బాల్సా చెక్కతో చిన్న ఆర్‌సీ (రిమోటుతో ఎగిరే) విమానాలు కట్టి, పైన వేడికి బిగిసే ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి ఎగరేయడం నా సరదా. నెలకు 5,000 దాకా అవుతుంది. రోజూ రెండు గంటలు కూర్చుంటే మూడు వారాల్లో ఒకటి తయారవుతుంది. మోటారు, సర్వోలతో (రెక్క, తోక పలకల్ని కదిపే బుల్లి మోటార్లు) కలిపి నాకు 4,500 పడుతుంది. 9,000కి కొంటామని ముగ్గురు అడిగారు, ఒకరిది పార్వతీపురం. నెలకు నాలుగు చేస్తే 18,000 మిగులుతాయి కదా! ఆవిడ బంగారం మీద 1,20,000 లోన్ తీసుకుని 55,000తో లేజర్ కటింగ్ మిషన్, 24,000తో 20 ఫిల్మ్ రోల్స్, మిగతాదానితో బాల్సా, బ్యాటరీలు కొందామని ఉంది. ఆవిడ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

జవాబు: ఆవిడ మాటే నా మాట కూడా. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. అలాగని సరదా మానేయమని చెప్పను. నెలంతా మిల్లులో షిఫ్టులు చేసే మనిషికి ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఒకటి ఉండాలి. కాకపోతే మీ ఉత్తరంలో సరదా లెక్క, వ్యాపారం లెక్క కలిసిపోయాయి. రెండింటినీ విడదీసి చూద్దాం.

మొదట గంటలు. రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలంటే 42 గంటలు. 4,500 లాభాన్ని 42తో భాగిస్తే గంటకు 107 రూపాయలు. పర్వాలేదు, కానీ నాలుగు విమానాలంటే నెలకు 168 గంటలు. అది ఇంకో ఉద్యోగమే. షిఫ్టు దిగొచ్చి ఎప్పుడు చేస్తారు? నెలకు ఒకటి చేయగలరు, కాబట్టి లాభం 18,000 కాదు, 4,500. లోనుకు ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 1,200 అందులోంచే పోతాయి. అసలు అలాగే ఉంటుంది.

లేజర్ ఉంటే పని త్వరగా అవుతుందంటారేమో. ఏ పని? రెక్కలోని రిబ్బులు, బాడీలోని ఫార్మర్లు, అంటే లోపలి చెక్క పలకలు కోయడం. అది నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ మీ గంటలు తినేది అది కాదు. చెక్కంతా సన్నగా సాండ్‌పేపర్ పట్టాలి, దుమ్ము మిగిలితే ఫిల్మ్ పట్టుకోదు. రెక్క కింది వైపు ముందు, పై వైపు తర్వాత అంటించాలి, అతుకు పైకి కనబడకూడదు కాబట్టి. ముందు అంచులు తక్కువ వేడితో అతికించి, ఆ తర్వాతే వేడి పెంచి బిగించాలి. రెక్క కొస దగ్గర గుండ్రటి వంపులో ముడతలు రాకుండా లాగాలి. ఒకవైపు ఎక్కువ బిగిస్తే సన్నటి రెక్క మెలి తిరుగుతుంది, అలాంటి విమానం గాల్లోకి లేవగానే ఓ పక్కకి ఒరిగిపోతుంది. ఇందులో ఒక్క పని కూడా లేజర్ చేయదు. ఇస్త్రీ పెట్టె పట్టుకున్న చెయ్యే చేయాలి. (బట్టలు కుట్టే మనిషి ఇంట్లో ఉన్నారు. రెక్క కొస దగ్గర ఆవిడ చెయ్యే మీకన్నా కుదురుగా ఆడొచ్చు. అడిగి చూడండి, బంగారం మాట ఎత్తకుండా.)

కోత మరీ విసుగనిపిస్తే, అక్రిలిక్ నేమ్‌ప్లేట్లు, బోర్డులు చేసే షాపుల్లో లేజర్ మిషన్లు ఉంటాయి. విజయనగరమో విశాఖో వెళ్లినప్పుడు కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగు, మీ బాల్సా షీట్లు తీసుకెళ్తే కూలికి కోసిస్తారు. 55,000 పెట్టకముందు ఆ కూలి ఎంతో కనుక్కోండి.

ఇక 20 రోల్స్. 1.2 మీటర్ల రెక్క, 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే రెండు వైపులా కలిపి దాదాపు అర చదరపు మీటరు. తోక, బాడీ, కత్తిరింపుల్లో పోయేది కలిపితే రెండు మీటర్ల రోల్ ఒకటి ఒక విమానానికి సరి. నెలకు ఒకటి కడితే 20 రోల్స్ ఏడాదిన్నర పైమాటే. అంతకాలం 24,000 అటక మీద పడుకుంటాయి. వానాకాలం చెమ్మకి ఫిల్మ్ వదులై ముడతలు పడితే కంగారుపడి కొత్తది వేయకండి. ఇస్త్రీ మళ్లీ ఓసారి తిప్పితే చాలాసార్లు బిగుస్తుంది. రెండు రోల్స్ కొనండి, ఒకటి లేత రంగు, ఒకటి ముదురు. పైన ఒకటి, కింద ఒకటి వేస్తే ఎత్తులో ఉన్నప్పుడు విమానం ఎటు తిరిగిందో తెలుస్తుంది, కూలిపోయే ఖర్చు తగ్గుతుంది.

బ్యాటరీలు కూడా నిల్వ పెట్టుకునే సరుకు కాదు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి వారాల తరబడి వదిలేస్తే ఉబ్బిపోతుంది. వానల్లో ఎగరేయరు కాబట్టి బ్యాటరీలోని ఒక్కో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఆపి దాచండి. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. దానికి నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం, మీ ఇంట్లో బట్టలూ బాల్సా పక్కపక్కనే ఉన్నాయి.

ఆ ముగ్గురి సంగతి. 9,000లో రిమోటు, బ్యాటరీ, ఛార్జరు లేవని వాళ్లకి తెలుసా? తెలిశాక సగం అడ్వాన్స్ అడగండి. ఇచ్చినవాళ్లే కొనేవాళ్లు. కొత్తవాడైతే మొదటి రోజే నేలకి కొట్టి మీ గుమ్మం ముందుకి తెస్తాడు, ఆ రిపేరు ఎవరి ఖర్చో ముందే కాగితం మీద రాసుకోండి. నిజానికి కొత్తవాళ్లకి బాల్సా ఇవ్వకూడదు. ఫోమ్‌తోనో బోర్డులకి వాడే సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటుతోనో కట్టి రంగు ప్యాకింగ్ టేపు వేసిన విమానం రెండు మూడు సాయంత్రాల్లో అవుతుంది, పడినా అతుకుతుంది. గంటల లెక్కలో మీకూ అదే లాభం.

పార్వతీపురం మీకు పక్క ఊరే కావచ్చు, జీఎస్‌టీకి మాత్రం వేరే రాష్ట్రం. పన్ను పడే సరుకుని మీరు ఒడిశా నుంచి ఆంధ్రకి అమ్మి పంపితే, టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకున్న పరిమితి మినహాయింపు అక్కడ పనిచేయదు. మూడు విమానాల కోసం ఎప్పటికప్పుడు రిటర్నులు అవసరమా? సేవలకైతే ఈ తిప్పలు లేవు, రాష్ట్రం దాటినా ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి నేర్పండి. గుణుపురం, రాజాం, విజయనగరం వైపు ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. పిల్లలు డిజైన్ కంప్యూటర్‌లో గీసేస్తారు, ఫిల్మ్ వేయడం దగ్గరే చేతులెత్తేస్తారు. సామాను వాళ్లది, ఆదివారం పూట మీది, కూలి ఇంత అని చెప్పండి. పెట్టుబడి లేదు, మిగిలిపోయే సరుకూ లేదు.

రిమోటు విమానాలకీ వర్తించే 2021 డ్రోన్ రూల్స్ కూడా మీ ఖర్చులో భాగమే. 2 కిలోల లోపు విమానాన్ని సరదాకి ఎగరేస్తే పైలట్ లైసెన్సు అక్కర్లేదు, 250 గ్రాములు దాటినదాన్ని డబ్బు కోసం ఎగరేస్తే ఆ మినహాయింపు వర్తించదు. 250 గ్రాములు దాటితే థర్డ్ పార్టీ బీమా ఉండాలి. పొలంలో ఎవరి తలకైనా తగిలితే మీ 20,000 ఏ మూలకి? ఎగరేసే చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) ఉందో లేదో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోండి, ఎత్తు 400 అడుగులు దాటనివ్వకండి.

ఇప్పుడు ఇంటి లెక్క. మీ ఆదాయం ఇద్దరిదీ కలిపి 40,500. ఇంటి ఖర్చు, చీటీ, సరదా కలిపి 32,000. నెలకు 8,500 మిగలాలి. బ్యాంకులో చూస్తే మొత్తం 20,000. మిగతాది ఎటు పోతోంది? ఇవాళ రెండు సర్వోలు, రేపు ఒక ప్రొపెల్లర్ అంటూ ఫోన్‌లో కొన్నవి మీ 5,000 లెక్కలో లేవని నా అనుమానం. వేరే ఖాతా తెరిచి నెలకు 2,000 అందులో వేయండి, విమానాల కొనుగోళ్లన్నీ ఆ ఖాతా యూపీఐతోనే. అయిపోతే వచ్చే నెల దాకా ఆగాల్సిందే. నేర్పితే వచ్చేది కూడా అందులోకే, దాన్ని ఎలా ఖర్చు పెట్టినా మీ ఇష్టం.

చీటీ 60,000 రాగానే ఎఫ్‌డీ చేయండి, ఉన్న 20,000తో కలిపి మూడు నెలల ఇంటి ఖర్చు సమకూరుతుంది. చీటీకి కట్టే 3,000 ఖాళీ అవుతాయి కాబట్టి పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి తెరిచి అవే వేయండి. పదేళ్లు నిండకముందే తెరవాలి. 2024 జనవరి నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు, 15 ఏళ్లు కట్టాలి. మీ మీద ఆధారపడ్డవాళ్లు ఇద్దరున్నారు కాబట్టి టర్మ్ పాలసీ ఒకటి తీసుకోండి. ఈలోగా బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఈ వారమే పెట్టించండి.

ఆరు నెలలు ఆ ఖాతా స్టేట్‌మెంటు చూసి, అడ్వాన్స్ ఇచ్చిన ఆర్డర్లు ఎన్నో రాయండి. అప్పటికీ కోత దగ్గరే పని ఆగిపోతోందంటే, లేజర్ మిషన్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.