మావి పడేదాకా పాలు ఆపవచ్చా?

ప్రశ్న: ఇబ్రహీంపట్నం దగ్గర మాకున్న రెండెకరాల్లో నిరుడు 20 నెల్లూరు జోడిపి గొర్రెలు, ఒక పొట్టేలుతో పెంపకం మొదలుపెట్టాము. మాకు ఇదే మొదటి ఈతల కాలం. పోయిన వారం ఒక గొర్రె రాత్రిపూట రెండు పిల్లలను ఈనింది. మావి పడేదాకా పాలు తాగించకూడదని పెద్దలు చెప్పడంతో ఆగాము. తెల్లవారుజామున మావి పడేసరికి చిన్న పిల్ల చల్లబడిపోయి, కాసేపటికే చనిపోయింది. అది చలి వల్ల పోయిందా, మా పొరపాటు వల్ల పోయిందా? మిగిలినవి ఈనేటప్పుడు ఏమి చేయాలి?
– ఒక పాఠకురాలు, ఇబ్రహీంపట్నం

జవాబు: మీరు రాసిన తీరును బట్టి చూస్తే, కడుపులో పాలు లేకపోవడం వల్లనే ఆ పిల్ల చలికి తట్టుకోలేకపోయిందని అనిపిస్తోంది. పెద్దల మాట మన్నించినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఆ మాట మాత్రం తప్పు. ఆవులు, గేదెల విషయంలోనూ ఇదే మాట ఇప్పటికీ వింటున్నాను కనుక గట్టిగా చెప్పవలసి వస్తోంది.

రెండున్నర, మూడు కిలోల పిల్ల ఉమ్మనీటితో తడిసి నేలమీద పడుతుంది. దాని ఒంట్లోని కొద్దిపాటి కొవ్వు కొన్ని గంటలపాటు మాత్రమే వేడినిస్తుంది, ఆ తరువాత వేడి పుట్టాలంటే ముర్రుపాలు అందాలి. పైగా గొర్రెల్లో తల్లి రోగనిరోధక శక్తి గర్భంలో ఉండగా మావి దాటి పిల్లకు చేరదు, ముర్రుపాలతోనే చేరుతుంది. దానిని పీల్చుకునే గుణం పిల్ల పేగుకు గంటగంటకూ తగ్గుతూ 24 గంటలకు దాదాపుగా పోతుంది. ఇక మావి సంగతికి వస్తే, పిల్ల చన్ను చీకినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, మావి ఊడిరావడానికి తోడ్పడేది అదే. మావి కోసం పాలు ఆపడం వల్ల ఇటు పిల్లకు నష్టం, అటు తల్లికీ మేలు లేదు. సాధారణంగా రెండు నుంచి ఆరు గంటల్లో మావి పడిపోతుంది. 12 గంటలు దాటితే పశువైద్యుడిని పిలవాలి తప్ప, వేలాడే మావిని లాగడం గానీ దానికి బరువు కట్టడం గానీ ఎన్నడూ చేయకండి.

పిల్ల పడగానే ముక్కు, నోటి దగ్గరి జిగురు తుడిచి తల్లి ముందు ఉంచండి. తల్లి నాకుతూ ఆరబెడుతుంది, ఆ వాసనతోనే పిల్లను గుర్తుపడుతుంది. బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. చనుమొనల్లో మైనం లాంటి బిరడా ఉంటుంది కనుక ఒకటి రెండు ధారలు పిండి, అది పోయాక పిల్ల నోటికి అందించండి. రెండు గంటల్లోపు కిలో బరువుకు 50 మి.లీ. చొప్పున, అంటే రెండున్నర కిలోల పిల్లకు సుమారు 125 మి.లీ. పాలు కడుపులో పడాలి.

చదువుకునే రోజుల్లో ఒక కురుమ అవ్వ మందలో తిరుగుతూ ప్రతి కొత్త పిల్ల నోట్లోనూ వేలు పెట్టి చూడడం గమనించాను. నోరు వెచ్చగా ఉండి వేలిని చీకితే వదిలేసేది, చల్లగా ఉంటే ఎత్తి ఒడిలో పెట్టుకునేది. నేటికీ నేను ముందు చేసే పరీక్ష అదే, ఆ తరువాతే థర్మామీటరు తీస్తాను. వేడి 39 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి. 37 కంటే తగ్గి, తల నిలపలేని పిల్లకు పాలు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది పుట్టి ఐదు గంటలు దాటి ఉంటే వెచ్చబెట్టేముందే గ్లూకోజు ఇవ్వవలసి వస్తుంది, అది వైద్యుడి పని. ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని రప్పించండి.

ఇంకా ఈనని గొర్రెల్లో గర్భంలోని పిల్ల పెరుగుదల దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది కనుక, మేతకు తోడు రోజూ తలా 250 గ్రాముల దాణా పెట్టండి. ఈనడానికి నెల ముందు చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి గొర్రెలు హఠాత్తుగా చనిపోయే జబ్బు) టీకా వేయిస్తే ఆ రక్షణ కూడా ముర్రుపాలతో పిల్లకు అందుతుంది.

ఈసారి ఒంటి పిల్లను ఈనిన గొర్రె దగ్గర, పిల్ల కడుపు నిండాక మిగిలిన ముర్రుపాలను చిన్న చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో దాచుకోండి. కవల పిల్లలకు తల్లి పాలు చాలనప్పుడు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి కరిగించి పట్టండి. పొయ్యిమీద పెడితే మాత్రం అవి జున్నులా గడ్డకడతాయి, పిల్లకు అందవలసిన రక్షణ అందులో మిగలదు.