ఆఫీసు పని అని చెప్పి అహ్మదాబాద్ కచేరీకి

గుంటూరు బ్రాడీపేట నుంచి రాసిన అమ్మాయికి,

2025 జనవరి 18న ముంబైలో కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బ్యాండ్ షోకి మీవారు చెప్పే వెళ్లారు, అంతవరకూ గొడవ లేదు. మళ్లీ 24న ఆఫీసు పని మీద హైదరాబాద్ అని బయల్దేరి ఆ బ్యాండ్ వెనకే అహ్మదాబాద్ వెళ్లారని, మొన్న పాత క్రెడిట్ కార్డు బిల్లు చేతికి దొరికితే తెలిసింది. ఈ పిచ్చి ఎలా మాన్పించాలి అని అడిగారు.

మాన్పించలేరు, మాన్పించక్కర్లేదు కూడా. పాట వెనక ఊళ్లు తిరగడం మన జిల్లాకేం కొత్త? కురుక్షేత్రం నాటకం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి బండి కట్టుకుని వెళ్లి, నోటికొచ్చిన పద్యానికే మళ్లీ వన్స్‌మోర్ కొట్టి తెల్లారి ఇల్లు చేరిన తాతలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఓ బ్యాండ్ ఉండేది, 1965 నుంచి 1995 దాకా. ఏ రాత్రి ఏ పాట ఎలా వాయిస్తారో తెలీదని జనం ఏళ్ల తరబడి వాళ్ల వెంటే తిరిగారు. (కోల్డ్‌ప్లే వాళ్లు చాలావరకు అవే పాటలు పాడతారు. అయినా మళ్లీ ఎందుకెళ్లారో ఆయన్నే అడగండి, దెప్పడానికి కాదు, తెలుసుకోడానికి.)

నాకు గుచ్చుకున్న సంగతి మీ ఉత్తరం చివర్లో ఉంది. 26 సాయంత్రం ఆ అహ్మదాబాద్ షో హాట్‌స్టార్‌లో లైవ్ వస్తుంటే, అయ్యో మిస్సవుతున్నారే అని మీరు మూడుసార్లు ఫోన్ చేశారు. ఆయన ఎత్తలేదు. ఆ స్టేడియంలోనే ఉన్నారు. ఈ మాట ఆయనతో ఇంతవరకూ అనలేదన్నారు, ముందు అదే అనండి, అని ఊరుకోండి, ఆయన్ని మాట్లాడనివ్వండి.

డబ్బు దగ్గర మాత్రం మెతకగా ఉండకండి. 41 వేల బాకీకి మినిమమ్ ఒక్కటే కట్టుకుంటూ వస్తున్నారట, చాలా కార్డుల్లో వడ్డీ నెలకి మూడు శాతం పైనే, ఇలాగైతే అసలు బాకీ తరిగేది చాలా నెమ్మదిగానే. స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి, అది తీరేదాకా ఇంకో టికెట్ కొనేది లేదు.

అత్తగారికి చెప్పనా అన్నారు. వద్దు. పంచాయితీ పెడితే ఆయన అందరికీ సంజాయిషీ చెప్పుకుంటారు, మీతో తప్ప.

షోలో చేతికి తొడుక్కుని, బీరువాలో మీ నల్లపూసల పక్కన ఆయన దాచుకున్న ఆ వెలిగే చేతిబ్యాండు పారేయనా అని కూడా అడిగారు. ఉండనివ్వండి. లోపల బటన్ బ్యాటరీ ఉంటుంది, మీ రెండేళ్ల బాబు చేతికి మాత్రం అందనివ్వకండి.