స్విచ్ 2 గేమ్ ఆడేశాక వేరేవాళ్లకు ఇవ్వొచ్చా, అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. తొమ్మిదేళ్ల మా బాబుకి నింటెండో స్విచ్ 2 కొనాలనుకుంటున్నాం. గేములు ఒక్కోటి 70, 80 డాలర్లు చెబుతున్నారు. బాబు ఆడేశాక మా చెల్లెలి పిల్లలకు ఇవ్వొచ్చా? తర్వాత అమ్ముకోవచ్చా? మారియో కార్ట్ కలిపి ఇచ్చే బండిల్ తీసుకోమంటారా, గేమ్ విడిగా కొనమంటారా?

జవాబు: ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ మీరు ఏ రూపంలో కొన్నారన్నదే అసలు సంగతి. స్విచ్ 2 గేములు మూడు రూపాల్లో వస్తున్నాయి. ధర సంగతి ఎలా ఉన్నా, కొన్న తర్వాత మీ చేతిలో మిగిలే హక్కు మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఇది పట్టించుకోకుండా కొని నేను చాలా నష్టపోయాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటిది పూర్తి గేమ్ కార్డు. గేమంతా కార్డులోనే ఉంటుంది. మారియో కార్ట్ వరల్డ్, డాంకీ కాంగ్ బనాంజా కార్డులు ఇలాంటివే. సైబర్‌పంక్ 2077 అంత పెద్ద గేమ్‌ని కూడా 64 జీబీ కార్డులో మొత్తం పెట్టి ఇచ్చారు. ఈ కార్డు ఎవరి చేతిలో ఉంటే గేమ్ వాళ్లది. మీ చెల్లెలి పిల్లలకు ఇవ్వండి, అమ్మేయండి, ఎవరినీ అడగక్కర్లేదు.

రెండోది గేమ్-కీ కార్డు. చూడ్డానికి అదే పెట్టె, అదే సైజు కార్డు. కానీ లోపల గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. మొదటిసారి పెట్టినప్పుడు గేమ్ మొత్తం ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ తర్వాత నెట్ లేకపోయినా ఫర్వాలేదు కానీ, ఆడాలనుకున్న ప్రతిసారీ కార్డు లోపల ఉండాలి. స్ట్రీట్ ఫైటర్ 6 ఇలాగే వచ్చింది. ఇది ఎవరి అకౌంట్‌కీ ముడిపడి ఉండదు కాబట్టి దీన్ని కూడా ఇవ్వొచ్చు, అమ్మొచ్చు. తీసుకున్నవాళ్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి, అంతే. నా భయం పదిహేనేళ్ల తర్వాతి సంగతి. సర్వర్ తీసేస్తే అది ఉత్త ప్లాస్టిక్ ముక్కే. నింటెండో పాత కన్సోళ్లైన వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ దుకాణాల్లో కొనుగోళ్లు 2023 మార్చి 27న ఆపేశారు. ఇప్పటికి పాత కొనుగోళ్లు డౌన్‌లోడ్ అవుతున్నాయి, కానీ ఎల్లకాలం అవుతాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. కీ కార్డో కాదో తెలుసుకోవడం కష్టమేం కాదు. పెట్టె ముందువైపు కింది భాగంలో తాళంచెవి గుర్తు, డౌన్‌లోడ్ తప్పనిసరి అన్న మాట ఉంటాయి. కొనే ముందు అక్కడ చూడండి.

మూడోది డిజిటల్. దీనికి నింటెండో ‘వర్చువల్ గేమ్ కార్డు’ అని పేరు పెట్టింది. మీ ఫ్యామిలీ గ్రూపులో, అంటే నింటెండోలో ఒకే కుటుంబంగా కలిపిన అకౌంట్లలో ఉన్నవాళ్లకు 14 రోజులు అరువివ్వొచ్చు, గ్రూపులో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. గడువు కాగానే గేమ్ దానంతట అదే మీ దగ్గరకు తిరిగి వస్తుంది. ఆ 14 రోజులూ మీ బాబు దాన్ని ఆడలేడు. పైగా అరువిచ్చేటప్పుడు రెండు కన్సోళ్లూ దగ్గరగా ఉండాలి. మీ చెల్లెలు ఎంత దూరంలో ఉంటారో మీరు చెప్పలేదు. పక్క వీధి అయితే సరే, వేరే రాష్ట్రమైతే పండక్కి కలిసినప్పుడే కుదురుతుంది. ఇక అమ్మడమంటారా, డిజిటల్ గేమ్‌ని అమ్మే దారే లేదు.

ఇవన్నీ నేనెందుకు ఇంత పట్టించుకుంటానో చెప్పాలి.

2012 నుంచి 2014 వరకు టెక్సస్‌లో ఎమ్మెస్ చేశాను. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగువాళ్లం. మా ముందు బ్యాచ్ సీనియర్లు ఖాళీ చేస్తూ పరుపులు, రైస్ కుక్కర్‌తో పాటు ఒక పాత ఎక్స్‌బాక్స్ 360 (మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్) కూడా మాకు అమ్మి వెళ్లారు. కొత్త గేమ్ 60 డాలర్లు. క్యాంపస్ ఉద్యోగంలో నాకు గంటకు ఎనిమిది డాలర్లు వచ్చేవి. తలా పదిహేను వేసుకుని ఒక గేమ్ కొనేవాళ్లం. మా నలుగురిదీ అయ్యాక కింది ఫ్లోర్‌లో ఉండే గుంటూరు కుర్రాళ్లకు ఇచ్చి, వాళ్ల దగ్గరున్నది తెచ్చుకునేవాళ్లం. రెండిళ్లలో అందరూ ఆడేశాక ముప్ఫైకో ముప్ఫై ఐదుకో అమ్మేసి, దానికి ఇంకొంత కలిపి తర్వాతి గేమ్ కొనేవాళ్లం. ఒకసారి మాల్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్తే 18 డాలర్లు ఇస్తామన్నారు, అది కూడా నగదు కాదు, వాళ్ల దగ్గరే మళ్లీ కొనుక్కోవాలి. ఇక అప్పటి నుంచి మేమే ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి అమ్ముకున్నాం.

నాకు ఈ అలవాటు విజయవాడ నుంచే ఉంది. బీటెక్‌లో సగం పుస్తకాలు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లలోనే కొన్నాను, పరీక్షలు అవగానే అక్కడే అమ్మేశాను. అంతకుముందు చదివినవాడి పేరు కొట్టేసి నా పేరు రాసుకోవడానికి ఏ పబ్లిషర్‌నీ అడగలేదు.

అలాంటి మాకు 2013 జూన్ 6న మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన, 360 తర్వాతి కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ నిబంధనలు చదివాక నోట మాట రాలేదు. కన్సోల్ 24 గంటలకు ఒకసారైనా ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాలి, లేకపోతే గేములు నడవవు. వేరేవాళ్ల కన్సోల్‌లో మన అకౌంట్‌తో ఆడుతుంటే గంటకోసారి కనెక్ట్ అవ్వాలి. గేమ్‌ని స్నేహితుడికి ఇచ్చేయాలంటే అతను మన ఫ్రెండ్స్ లిస్టులో కనీసం 30 రోజులుగా ఉండాలి, పైగా ఒక గేమ్‌ని ఒక్కసారే అలా ఇవ్వగలం. అమ్మాలంటే కంపెనీతో ఒప్పందం ఉన్న దుకాణాలకే అమ్మాలి, దానికి కూడా ఆ గేమ్ పబ్లిషర్ ఒప్పుకోవాలి. అరువు, అద్దె మొదట్లో అసలుండవు. పై ఇంటి నుంచి కింది ఇంటికి, అక్కడి నుంచి మళ్లీ పైకి తిరిగే మా డిస్క్ ఈ లెక్కన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఆ వేసవిలో మా వాళ్లిద్దరు ఇంటర్న్‌షిప్ కోసం వేరే ఊళ్లకు వెళ్లారు. ఖర్చు కలిసొస్తుందని మిగిలిన ఇద్దరం ఇంట్లో నెట్ తీయించేశాం. పని ఉంటే లైబ్రరీకి వెళ్లేవాళ్లం, రాత్రి ఇంట్లో పాత 360తో కాలక్షేపం. సరిగ్గా అప్పుడే, ఎక్స్‌బాక్స్ విభాగం అధిపతిగా ఉన్న డాన్ మాట్రిక్ ఒక ఇంటర్వ్యూలో, నెట్ కనెక్షన్ లేనివాళ్ల కోసం మా దగ్గర ఒక కన్సోల్ ఉంది, దాని పేరు ఎక్స్‌బాక్స్ 360 అన్నారు. నెట్ లేని ఆ గదిలో కూర్చున్న నాకు ఆ మాట గుచ్చుకుంది. డబ్బు చూసుకుని బతికేవాళ్లు ఈ లెక్కలోకే రారా అనిపించింది.

జూన్ 10న లాస్ ఏంజెలెస్‌లో, ఈ3 అనే గేముల ప్రదర్శనకు ముందు రోజు, సోనీ సభ జరిగింది. వాడిన గేముల మీద తమ కొత్త కన్సోల్ పీఎస్ 4లో కొత్త ఆంక్షలేమీ ఉండవని సోనీ వేదిక మీద చెప్పగానే హాలంతా చప్పట్లతో మోగిపోయింది. ధర కూడా 399 డాలర్లు, ఎక్స్‌బాక్స్ వన్ 499. గేమ్‌ని స్నేహితుడితో ఎలా పంచుకోవాలో చూపిస్తూ సోనీ ఇరవై సెకన్లకు కొంచెం పైన ఉన్న వీడియో ఒకటి పెట్టింది. ఒకాయన డిస్క్ పెట్టెను ఇంకొకాయన చేతిలో పెడతాడు, ఆయన థాంక్స్ అంటాడు, అంతే. మేం లైబ్రరీ కంప్యూటర్‌లో దాన్ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. తొమ్మిది రోజులకే, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనలన్నీ వెనక్కి తీసుకుంది. వాటితో పాటు పదిమంది కుటుంబ సభ్యులతో గేములు పంచుకునే పథకం కూడా పోయింది. అది మంచి ఆలోచనని ఇప్పటికీ అంటాను, దాన్ని ఉంచి మిగతావి తీసేసి ఉంటే బాగుండేది.

అప్పుడు మేం గెలిచామనుకున్నాం. ముందు గుమ్మం నుంచి తరిమేసిన ఆంక్షలు తర్వాత దొడ్డిదారిన వచ్చాయని అర్థం కావడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. 2021లో వంద డాలర్లు తక్కువకు వస్తోందని డిస్క్ డ్రైవ్ లేని కన్సోల్ కొన్నాను. దుకాణానికి వెళ్లక్కర్లేదు, డిస్కులు మార్చక్కర్లేదు, రాత్రి పన్నెండింటికి బటన్ నొక్కితే గేమ్ వచ్చేస్తుంది. చాలా సుఖంగా అనిపించింది. రెండేళ్లలో పదకొండు గేములు కొన్నాను. వాటిలో మళ్లీ ముట్టుకున్నవి రెండే. మిగతా తొమ్మిదీ డిస్కులై ఉంటే, పాతిక డాలర్లకు ఒకటి చొప్పున అమ్మినా రెండు వందల పైనే వచ్చేవి. వంద మిగిలిందనుకుని రెండు వందలు పోగొట్టుకున్నాను.

డబ్బు సంగతి అలా ఉంచండి. విజయవాడలో మా తమ్ముడికి పీఎస్ 4 ఉంది. ఇండియా వెళ్లిన ప్రతిసారీ నేను ఆడేసిన డిస్కులు నాలుగైదు బట్టల మధ్య పెట్టి తీసుకెళ్లేవాణ్ణి. పీఎస్ 4 డిస్కులకు దేశం అడ్డు లేదు, అమెరికాలో కొన్నది అక్కడా ఆడుతుంది. గేమ్‌కి అదనంగా ఆన్‌లైన్‌లో కొనే భాగాలు (డీఎల్‌సీలు) మాత్రం డిస్క్ ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు అకౌంట్‌లోనే కొనాలి, ఆ ఒక్క జాగ్రత్త ఉండాలి. సూట్‌కేస్ తెరవగానే వాడు ముందు వెతికేది డిస్కులే. 2022లో వెళ్లినప్పుడు వాడు మొత్తం వెతికి, “అన్నయ్యా, ఈసారి ఏం తేలేదా?” అని అడిగాడు. అన్నీ నా అకౌంట్‌లోనే ఉన్నాయి, ఇవ్వడానికి రావని చెప్పాను. కొన్నవి ఎందుకివ్వలేవని వాడడిగితే చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు చట్టంలో ఉంది. అమెరికాలో 1908 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. ఒక పబ్లిషర్ తన పుస్తకంలో, దీన్ని డాలర్ కంటే తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే అని అచ్చు వేశాడు. న్యూయార్క్‌లో మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకు అమ్మింది. ఒకసారి అమ్మేశాక ఆ ప్రతిని తర్వాత ఎవరు ఎంతకు అమ్ముకోవాలో పబ్లిషర్ శాసించలేడని కోర్టు తేల్చింది. డిస్క్, కార్డు ఈ లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే అవి మీకు అమ్మిన ప్రతులు. డిజిటల్‌లో మీకు అమ్మేది ప్రతి కాదు, ఆడుకోవడానికి అనుమతి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, ఇలాంటివి అమ్మేటప్పుడు ఇది లైసెన్స్ మాత్రమేనని చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడకూడదని చట్టం తెచ్చారు. అమ్ముకునే హక్కు దానితో రాదు, కనీసం నిజం ముందే తెలుస్తుంది.

ఇప్పుడు మీ బండిల్ సంగతి. 2025లో విడుదలైనప్పుడు ఒక్క కన్సోల్ 449.99, మారియో కార్ట్‌తో కలిపి 499.99గా వచ్చింది. అంటే 79.99 గేమ్ యాభైకే వచ్చినట్టు. కానీ బండిల్‌లో వచ్చేది కార్డు కాదు, డిజిటల్ గేమ్. అయినా ఈ ఒక్క గేమ్‌కి మాత్రం బండిల్ దొరికితే తీసుకోమనే చెబుతాను. మారియో కార్ట్ ఒకసారి ఆడి పక్కన పెట్టేది కాదు, ఇంటికి పిల్లలు వచ్చినప్పుడల్లా ఏళ్ల తరబడి ఆడతారు, మీరు దాన్ని అమ్మే అవకాశం తక్కువ. డాంకీ కాంగ్ లాంటి గేములు వేరు. కథ అయిపోతే బాబు ఇంకోటి అడుగుతాడు. అలాంటివి కార్డు రూపంలోనే కొనండి, అది మీ చెల్లెలి ఇంటికి వెళ్తుంది, అక్కడి నుంచి అమ్మకానికి వెళ్తుంది. కీ కార్డు గేములు కొంటే కన్సోల్‌లో ఉన్న 256 జీబీ త్వరగా నిండుతుంది. స్విచ్ 2 గేముల కోసం మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డు మాత్రమే పనిచేస్తుంది, మామూలు మెమరీ కార్డు కొని డబ్బు వృథా చేసుకోకండి.

మీరే ఎవరి దగ్గరైనా వాడిన కార్డు కొంటే, అమ్మినవారి ప్రకటన, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. కార్డుని దొంగచాటుగా కాపీ చేసుకుని అసలుది అమ్మేసేవాళ్లు ఉన్నారు. దానివల్ల మీ కన్సోల్ ఆన్‌లైన్ సేవలు ఆగిపోతే, కస్టమర్ సపోర్ట్‌కి చూపించడానికి ఆ ఆధారాలే పనికొస్తాయి. ఇంకొకటి, గేమ్ పెట్టెలు పారేయకండి. పెట్టె లేకుండా అమ్మబోతే కొనేవాళ్లు ఐదో పదో తగ్గించమని అడుగుతారు.